శాట్ ఇంగ్లీషు పుస్తకం కొనే ముందు జవాబుల వివరణ చదవండి

మా అబ్బాయి పదకొండో తరగతిలో ఉన్నప్పుడు, డాలస్ దగ్గర మా ఊరి గ్రంథాలయం వాళ్లు పాత పుస్తకాలు అమ్ముతున్నారంటే వెళ్లాను. శాట్ (అమెరికా కాలేజీల్లో చేరడానికి రాసే పరీక్ష) అని రాసి ఉన్నవి అయిదు కనిపించాయి. ఒక్కొక్కటి రెండు డాలర్లు. అయిదూ తెచ్చాను. మూడు వారాల పాటు వాడు పేజీ నిండా ఉన్న వ్యాసాలు చదివి, ఒక్కో వ్యాసం కింద పది పదకొండు ప్రశ్నలకు జవాబులు గుర్తించాడు. తర్వాత కంప్యూటర్‌లో అసలు నమూనా పరీక్ష తెరిస్తే తెర మీద ఒక చిన్న పేరా, దానికి ఒకే ఒక్క ప్రశ్న. "అమ్మా, ఇది వేరే పరీక్ష" అన్నాడు. నిజంగా వేరే పరీక్షే. ఆ మూడు వారాలు తిరిగి రాలేదు. అందుకే మా వీధిలో ఎవరి పిల్లలు శాట్‌కు కూర్చుంటున్నా, గుంటూరు నుంచి మా అన్నయ్య కూతురి కోసం వదిన ఫోన్ చేసినా, పుస్తకం కొనే ముందు ఒకసారి నాతో మాట్లాడమంటాను.

మొదట పుస్తకం ఏ కాలానిదో చూడాలి. అట్ట మీద కొత్త సంవత్సరం ఉంటే చాలదు, లోపల చూడాలి. మొత్తం మార్కులు 2400 అని ఉంటే అది 2005కు, 2016 తొలి నెలలకు మధ్య నడిచిన పరీక్షది. తప్పు జవాబుకు పావు మార్కు కోత అని ఉన్నా 2016కు ముందుదే. ఇప్పుడు కోత లేదు, ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. రీడింగ్ 65 నిమిషాల్లో 52 ప్రశ్నలు, రైటింగ్ 35 నిమిషాల్లో 44 ప్రశ్నలు అని విడివిడిగా ఉంటే అది కాగితం మీద రాసిన చివరి రకం. నేను తెచ్చిన అయిదింటిలో మూడు అవే. ఇప్పటి పరీక్ష పూర్తిగా కంప్యూటర్ మీదే. ఇండియాలోనూ ఇతర దేశాల్లోనూ 2023 మార్చిలో, అమెరికాలో 2024 మార్చిలో మొదలైంది. చదవడం, వ్యాకరణం రెండూ ఒకే విభాగంలో కలిశాయి. 64 నిమిషాలు, 54 ప్రశ్నలు, రెండు సమాన భాగాలు. మొదటి భాగం ఎలా చేశారన్నదాన్ని బట్టి రెండో భాగం కష్టంగానో తేలికగానో వస్తుంది. ప్రతి పేరా 25 నుంచి 150 పదాల లోపే. పుస్తకంలో ఈ కొలతలు కనిపించకపోతే పక్కన పెట్టేయండి.

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఉచితంగా దొరికేది ముందు వాడాలి. పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డ్ వాళ్ల బ్లూబుక్ యాప్‌లో పూర్తి నమూనా పరీక్షలున్నాయి. వాళ్ల ప్రశ్నల నిధిలో ఒక్కో అంశానికి కావలసినన్ని ప్రశ్నలు దొరుకుతాయి. ఖాన్ అకాడమీ అనే వెబ్‌సైట్‌లోని పాఠాలు కూడా ఉచితమే. ముందుగా ఒక నమూనా పరీక్ష రాయించి, ఎక్కడ తప్పులు పోతున్నాయో కాగితం మీద రాసుకోండి. మా వాడికి వ్యాకరణంలో రెండే పోయాయి, చదివి అర్థం చేసుకునే చోట పదమూడు పోయాయి. అప్పటికే నేను వ్యాకరణం పుస్తకానికి డబ్బులు కట్టేశాను.

ఇక అసలు సంగతి. పుస్తకాల అంగడిలో నేను ఏ పుస్తకమైనా మొదట జవాబుల వివరణలున్న చివరి పేజీలే తెరుస్తాను. ప్రశ్నలు ఎవరైనా తయారు చేయగలరు. తప్పు జవాబు ఎందుకు తప్పో చెప్పడంలోనే రాసినవారి పనితనం తెలుస్తుంది. ఒకసారి రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని నేల మీద కూర్చుని చూశాను. ఒకదానిలో ఇలాంటి పేరా ఉంది: నగరంలో మిద్దెల మీద పెంచిన తేనెటీగలు, పల్లెలో పెంచిన వాటికంటే ఎక్కువ రకాల పూల మీద వాలాయని ఒక పరిశీలనలో తేలింది. దీన్నుంచి ఏమి చెప్పవచ్చు? ఒక జవాబు, తేనెటీగలకు పల్లె కంటే నగరమే ఆరోగ్యకరం అంటుంది. చాలామంది పిల్లలు అదే గుర్తిస్తారు. వివరణ చూస్తే, "పేరాలో ఉన్నది పూల రకాల గురించే, ఆరోగ్యం అన్న మాట పేరాలో లేదు, ఆ ఒక్క మాటతో ఈ జవాబు చెడింది" అని ఉంది. మిగతా రెండు తప్పు జవాబులకూ అలాగే ఏ మాట దగ్గర చెడిందో వేలు పెట్టి చూపించారు. రెండో పుస్తకంలో ఇలాంటి ప్రశ్నకే "మూడోది సరైనది, ఎందుకంటే పేరా దాన్ని సమర్థిస్తుంది" అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. అది చదివిన పిల్లవాడికి ఏమి తెలిసినట్టు? మొదటిదే కొన్నాను. ఏ పుస్తకమైనా మూడు ప్రశ్నల వివరణ ఇలా చదివి చూడండి, పది నిమిషాలు పట్టదు.

వ్యాకరణం దగ్గర మన తెలుగువాళ్లం ప్రత్యేకంగా పొరబడే చోటు ఒకటుంది. చిన్నప్పుడు తెనాలిలో మా నాన్నగారు కొనిచ్చిన లావుపాటి ఇంగ్లీషు వ్యాకరణం మీద నాకు ఎంతో ప్రేమ. నాకు వచ్చిన ఇంగ్లీషంతా దాని చలవే. పిల్లలకూ అలాంటిదే కొనాలనిపిస్తుంది. కానీ అందులో సగం యాక్టివ్ వాయిస్‌ను పాసివ్‌గా మార్చడం, డైరెక్ట్ స్పీచ్‌ను ఇన్‌డైరెక్ట్‌గా మార్చడం, ఆర్టికల్స్ నింపడం. శాట్ ఇవేవీ ఆ రూపంలో అడగదు. అడిగేవి కొన్నే: వాక్యం ఎక్కడ ముగుస్తుంది, అక్కడ కామానా సెమికోలనా, కర్తకు తగ్గ క్రియ, సర్వనామం దేన్ని సూచిస్తోంది, కాలం, అపాస్ట్రఫీ ఎక్కడ పెట్టాలి, విశేషణంగా వచ్చిన పదబంధం ఎవరికి చెందుతుంది. పాఠాల పట్టికలో ఈ పేర్లే ఎక్కువగా కనిపించాలి.

వీటిలో కామా గురించిన అధ్యాయం ఎంత బాగుందో తప్పకుండా చూడండి. "వాన వచ్చింది, మేం ఆగిపోయాం" అని తెలుగులో కామా పెట్టి రాస్తే ఎవరూ తప్పుపట్టరు. ఇంగ్లీషులో రెండు పూర్తి వాక్యాలను ఒట్టి కామాతో కలిపితే తప్పు. మా అబ్బాయికి పోయిన రెండు మార్కులూ అక్కడే. పదబంధం ఎవరికి చెందుతుందన్నది మాత్రం మన భాషతోనే తేలికగా చెప్పవచ్చు. "వానలో నడుస్తూ గొడుగు విరిగింది" అంటే మన చెవికే తేడాగా వినిపిస్తుంది, నడిచింది గొడుగు కాదు కదా. ఇంగ్లీషులోనూ అదే తప్పు. మా అన్నయ్య కూతురికి ఫోన్‌లో ఈ ఒక్క వాక్యం చెబితే ఆ అధ్యాయమంతా అర్థమైపోయింది.

వేల పదాల జాబితాలున్న పుస్తకాలు వద్దు. పదాల పోలికల ప్రశ్నలు 2005లోనే పోయాయి, కష్టమైన పదాలతో ఖాళీలు నింపడం 2016లో పోయింది. ఇప్పుడు పేరా మధ్యలో ఒక పదం తీసేసి, సందర్భానికి ఏది సరిపోతుందని అడుగుతారు. దానికి మంచి వ్యాసాలు రోజూ చదవడం జాబితా కంటే మేలు. పాత కథల నుంచి, కవితల నుంచి పేరాలు వస్తాయి కాబట్టి అవి కూడా పుస్తకంలో ఉన్నాయేమో చూడండి. ఒట్టి సైన్సు పేరాలతో నింపిన పుస్తకం చదివి వెళ్లిన పిల్లలు కవిత కనిపించగానే కంగారుపడతారు.

ఎన్ని కొనాలంటే, చదవడానికి ఒకటి, వ్యాకరణానికి ఒకటి, అది కూడా నమూనా పరీక్షలో తప్పులు వచ్చినదానికి మాత్రమే. మా ఇంటికి ఒకరు తొమ్మిది పుస్తకాలు తెచ్చి చూపించారు, ఒక్కదానిలోనూ నలభయ్యో పేజీ దాటలేదు. ముందు గ్రంథాలయంలో అరువు తెచ్చి వారం రోజులు వాడి చూడండి. మీ శాఖలో లేకపోతే వేరే ఊరి నుంచి తెప్పించిపెడతారు, అడగండి. పాతది కొనేటట్లయితే పేజీలన్నీ తిప్పి చూడండి. పెన్సిల్‌తో జవాబులు గుర్తించి ఉంటే రబ్బరుతో చెరపవచ్చు, పెన్నుతో గుర్తించి ఉంటే ఎంత చవకైనా వదిలేయండి.