హైదరాబాద్ నుంచి డాలస్‌కి: విమాన దూరం, ప్రయాణ సమయం లెక్కేయడం ఎలా?

డాలస్‌లో ఉన్న పిల్లల దగ్గరికి అమ్మానాన్న మొదటిసారి వెళ్తున్నారంటే ఇంట్లో అందరూ అడిగేది ఒకటే: ఎన్ని గంటల ప్రయాణం? టికెట్ మీద బయల్దేరే టైమ్, దిగే టైమ్ ఉంటాయి. కానీ ఒకటి మన గడియారం, రెండోది అక్కడి గడియారం. ఒకదాన్లోంచి ఇంకోటి తీసేస్తే లెక్క తేలదు.

ముందు దూరం చూద్దాం. గోడ మీది ప్రపంచ పటం మీద స్కేలు పెట్టకండి. గుండ్రటి భూమిని చదునుగా పరిచిన బొమ్మ అది, ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ సాగిపోతుంది. ఒక గ్లోబు, దారం తీసుకోండి. ఒక కొస హైదరాబాద్ మీద, రెండోది డాలస్ మీద పెట్టి బిగించండి. దారం ఉత్తర ధ్రువానికి బాగా దగ్గరగా పోతుంది! రెండు ఊళ్ల రేఖాంశాల మధ్య తేడా సుమారు 175 డిగ్రీలు మరి. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబు చుట్టుకొలత 94 సెంటీమీటర్లు. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు కాబట్టి ఒక్కో సెంటీమీటరుకు 425 కిలోమీటర్లు. దారం 34 సెంటీమీటర్లు వస్తుంది, అంటే దాదాపు 14,400 కిలోమీటర్లు. దీన్నే గ్రేట్ సర్కిల్ దూరం అంటారు. గూగుల్ ఎర్త్‌లో కొలిచి సరిచూసుకోవచ్చు.

మధ్యలో దిగి మారాల్సి ఉంటే ముక్కలుగా కొలవాలి. దుబాయ్ మీదుగా అయితే అక్కడిదాకా సుమారు 2,550, అక్కణ్నుంచి డాలస్‌కి 12,900 పైచిలుకు.

ఇప్పుడు సమయం. పెద్ద జెట్ విమానం గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోతుంది. దూరాన్ని 900తో భాగించి, విమానం రన్‌వే దాకా వెళ్లడం, పైకి లేవడం, కిందికి దిగడం కోసం 40 నిమిషాలు కలపండి. దుబాయ్–డాలస్‌కి 15 గంటలు వస్తుంది. అక్కడితో ఆగకండి. పైన గాలులు ఎక్కువగా పడమర నుంచి తూర్పుకి వీస్తాయి. అందుకే అమెరికా వెళ్లేటప్పుడు ఇంకో గంట వేసుకోవడం మంచిది, తిరుగు ప్రయాణం సాధారణంగా త్వరగా అయిపోతుంది. ఏదైనా దేశం గగనతలం మూసేస్తే దారే మారుతుంది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు దారి మూసినప్పుడు ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లేవి చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది.

చివరికి గడియారం. లెక్కంతా మన టైమ్‌లోనే చేసి, ఆఖర్న మాత్రమే మార్చండి. జులైలో తెల్లవారుజామున 4 గంటలకు బయల్దేరారనుకుందాం. దుబాయ్‌కి 4 గంటలు, అక్కడ ఆగేది 3, తర్వాత 16, మొత్తం 23 గంటలు. మనకు మర్నాడు తెల్లవారుజామున 3 గంటలు. వేసవిలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, కాబట్టి అక్కడ బయల్దేరిన రోజే సాయంత్రం 4:30. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా అయితే పదకొండున్నర గంటలు తీసేయాలి.

దిగాక ఇమిగ్రేషన్, సామాన్ల కోసం కనీసం గంటన్నర వేసుకోండి. ఎదురుచూసేవాళ్లకి టెన్షన్ తగ్గుతుంది.