సీటీ అబ్డామిన్‌లో పేగు కదలికల గీతలు తగ్గించుకోవడం ఎలా

పొట్టకి సీటీ స్కాన్ (సీటీ అబ్డామిన్) తీసినప్పుడు ఇమేజ్‌లో గీతలో మసకో కనిపిస్తే చాలు పేగులు కదిలాయి అనేసి ఊరుకుంటాం కదా, కానీ చాలాసార్లు అది పేగు కాదు, ఊపిరి. లివర్ అంచు రెండుగా కనిపిస్తోందా, పొట్ట ముందు గోడ కూడా చెదిరిందా, అయితే పేషెంట్ మధ్యలో ఊపిరి వదిలేశాడని అర్థం, దానికి పేగుల్ని ఆపే ఏ ఇంజెక్షనూ పనిచేయదు. అలా కాకుండా లివర్, కిడ్నీలు, వెన్నుపూస అన్నీ నీట్‌గా ఉండి ఒక్క పేగు లూప్ (మడత) దగ్గరే, అదీ లోపల గాలీ నీళ్లూ కలిసే చోటు నుంచే నల్లగా తెల్లగా గీతలు లేస్తున్నాయంటే అప్పుడు అది పేగు పనే.

ఊపిరి సంగతి ముందు తేల్చేద్దాం. మెషీన్‌లో ఊపిరి ఆపమని చెప్పే ఆటోవాయిస్ ఇంగ్లీష్‌లోనో హిందీలోనో ఉంటే మన ఊళ్ల నుంచి వచ్చే పెద్దాయనకి ఏం అర్థమవుతుంది, చాలా మెషీన్లలో మన గొంతు రికార్డ్ చేసుకోవచ్చు, తెలుగులో పెట్టేయండి. టేబుల్ మీద పడుకోబెట్టాక ఒకసారి ప్రాక్టీస్ చేయించండి, "పెద్దయ్యా, గట్టిగా గాలి పీల్చు, ఆపు, నేను చెప్పేదాకా వదలకు" అని, చేసేటప్పుడు పొట్ట వంక చూడండి, నోరు మూసుకుని ముక్కుతో పీలుస్తూనే ఉండేవాళ్లు బోలెడుమంది. కాంట్రాస్ట్ (ఇమేజ్‌లో తేడా బాగా కనిపించడానికి నరంలోకి ఇచ్చే మందు) ఎక్కేటప్పుడు ఒళ్లంతా వేడిగా అనిపిస్తుందని కూడా ముందే చెప్పండి, లేకపోతే ఉలిక్కిపడతారు.

ఇక అసలు పేగులు. వాటిని ఆపమని చెప్పలేం కాబట్టి మనమే ఫాస్ట్‌గా తీయాలి. కొలిమేషన్ (ఎక్స్‌రే బీమ్ వెడల్పు) 40 మిల్లీమీటర్లు, పిచ్ (ఒక చుట్టులో టేబుల్ జరిగే దూరం ఆ వెడల్పుకి ఎన్ని రెట్లో) 1 అనుకుంటే 400 మిల్లీమీటర్ల అబ్డామిన్‌కి ట్యూబ్ 10 రొటేషన్లు (చుట్లు) తిరగాలి, రొటేషన్ టైమ్ 0.8 సెకన్లు పెడితే 8 సెకన్లు పడుతుంది, 0.5 పెడితే 5 సెకన్లలో అయిపోతుంది. టోటల్ టైమ్ తగ్గితే ఊపిరికి మేలు, పేగుకి మాత్రం ఆ రొటేషన్ టైమే ముఖ్యం, ఎందుకంటే ఒక్కో స్లైస్‌కి డేటా తీసేలోపు లూప్ జరిగితేనే గీత పడేది. కాకపోతే టైమ్ తగ్గించినంత మేర ఎమ్‌ఏ (ట్యూబ్ కరెంట్) పెరగాలి, 0.8 దగ్గర 200 ఉంటే 0.5కి 320 కావాలి, లావు పేషెంట్లకి ట్యూబ్ అంత ఇవ్వలేక ఇమేజ్ గరుగ్గా వస్తుంది, వాళ్లకి కొంచెం రాజీ పడక తప్పదు.

తాగించేదాని మీద కూడా చాలా ఉంది. చిక్కటి పాజిటివ్ కాంట్రాస్ట్ (ఇమేజ్‌లో తెల్లగా కనిపించేది) పక్కనే గాలి బుడగ ఉండి అది కదిలిందంటే గీతలు ఘోరంగా వస్తాయి. పేగు గోడ చూడాల్సిన కేసైతే మానిటాల్ లాంటి న్యూట్రల్‌దే (ఇమేజ్‌లో నీళ్లలాగే కనిపించేదే) మేలు, ఎంటరోగ్రఫీకి (చిన్నపేగు స్కాన్‌కి) లీటరున్నర దాకా 45 నిమిషాల నుంచి గంటలో మెల్లగా తాగించాలి, గబగబా తాగితే గాలి కూడా మింగుతారు. అన్నట్టు, ఖాళీ కడుపుతో ఉంటే పేగులు పడుకుంటాయనుకోవద్దు, ఏమీ తినకపోయినా గంటన్నర రెండు గంటలకోసారి ఒక అల మొత్తం ఊడ్చుకుంటూ పోతూనే ఉంటుంది.

బస్కోపాన్ (పేగు కదలికల్ని కాసేపు ఆపే ఇంజెక్షన్) రొటీన్ అబ్డామిన్‌కి అక్కర్లేదని నా అభిప్రాయం, ఎంటరోగ్రఫీ, కొలోనోగ్రఫీ (పెద్దపేగు స్కాన్) లాంటివాటికి అయితే డాక్టర్ రాస్తేనే 20 మిల్లీగ్రాములు ఐవీలో మెల్లగా. వెయిటింగ్ రూమ్‌లో ఇచ్చేసి తర్వాత టేబుల్ ఎక్కిస్తే వేస్ట్, పని చేసేది కాసేపే, అన్నీ రెడీ అయ్యాక స్కాన్ ముందే ఇవ్వాలి. ముందు అడగాల్సినవి అడగండి, ట్రీట్‌మెంట్ తీసుకోని గ్లాకోమా ఉందా, గుండె దడ జబ్బు ఉందా, మయస్థీనియా (కండరాలు బలహీనపడే జబ్బు) ఉందా, మూత్రం బిగిసిపోతుందా, పేగు అడ్డుపడిందన్న అనుమానం ఉందా, ఏది ఉన్నా డాక్టర్‌కి చెప్పకుండా సిరంజి ముట్టుకోవద్దు. చూపు మసకగా ఉన్నంతసేపు బండి నడపొద్దని చెప్పండి, తర్వాత కన్ను ఎర్రబడి నొప్పి వస్తే వెంటనే హాస్పిటల్‌కి రమ్మనండి.

ఇంత చేసినా ఎక్కడో ఒక లూప్ చెదురుతుంది. వెంటనే మొత్తం రిపీట్ కొట్టేయకండి, పేషెంట్‌కి రేడియేషన్ డోస్ డబుల్ అవుతుంది. ఇంకో ఫేజ్ (అదే స్కాన్‌లో వేరే టైమ్‌లో తీసిన ఇమేజ్‌ల సెట్) తీసి ఉంటే అదే లెవెల్‌లో పక్కపక్కన పెట్టి చూడండి, గోడ మందం లాగానో పేగు బయట గాలి లాగానో కనిపించింది రెండోదాంట్లో లేకపోతే కదలికే అయ్యుంటుంది. అయినా డౌట్ ఉంటే పేషెంట్‌ని దించకముందే రేడియాలజిస్ట్‌ని పిలవండి, తీయాలంటే ఆ కాస్త ఏరియా వరకే తీయమంటారు.