పాత సైనిక దుస్తులు కొనే ముందు తిరగేసి చూడండి

చిత్తూరులో పాత సామాను అమ్మేవాళ్లకు హైదర్ అలీ అంటే మహా ఇష్టం. ఆయన 1782 డిసెంబరులో ఇక్కడికి దగ్గర్లోని నరసింగరాయనిపేట వద్ద కన్నుమూశాడు కాబట్టి, చిరిగిన ఎర్రకోటు ఏది దొరికినా "ఆయన సిపాయిదే సార్" అంటారు. వేలూరు కూడా పక్కనే ఉంది కనుక రెండో కథ ఎప్పుడూ సిద్ధం: 1806లో తోలు తురాయి ఉన్న కొత్త తలపాగా పెట్టుకోమన్నందుకు సిపాయిలు తిరగబడ్డారు కదా, ఆ తలపాగా ఇదేనట.

నేను దర్జీని. కథ సగంలో ఉండగానే కోటు తిరగేస్తాను. కుట్టుమిషను జనం చేతికి వచ్చింది 1850ల తర్వాతే. లోపలి అతుకుల్లో పై దారం, కింద దారం ఒకదానిలో ఒకటి చిక్కుకుని, కుట్లన్నీ ఒకే పొడవున సాగితే అది హైదర్ నాటిదీ కాదు, వేలూరు నాటిదీ కాదు. ఇక బేరం అనవసరం.

మన వైపు నిజంగా దొరికే అవకాశం ఉన్నవి రెండో ప్రపంచ యుద్ధం నాటివి. అప్పటి భారత సైన్యం 25 లక్షలకు చేరింది. తాతల ట్రంకు పెట్టెల్లో ఖాకీ చొక్కాలు, ఉన్ని కోట్లు ఇంకా ఉన్నాయి. వీటిలో మెడ లోపల, జేబు లోపల సిరా ముద్ర వెతకండి. బాణం గుర్తు బ్రిటిష్ ప్రభుత్వ సొత్తుకు వేసేది. భారత్‌లో తయారైనవాటికి దానితోపాటు ఇంగ్లిషు 'ఐ' అక్షరం కనిపిస్తుంది. ముద్ర ఉందని మురిసిపోకండి, రబ్బరు ముద్ర చేయించడం ఎంతసేపు? బట్ట నలిగి అరిగినా సిరా మాత్రం నల్లగా నిగనిగలాడుతుంటే నమ్మవద్దు.

అసలు సాక్ష్యం రంగు వెలిసిన తీరులో ఉంటుంది. జేబు మూత ఎత్తండి. ఎండ తగలని ఆ చోట ఖాకీ ముదురుగా మిగలాలి. కాలరు కింద, అతుకు మడతల్లో కూడా అంతే. పాతదిగా చూపించాలని టీ డికాక్షన్‌లో ముంచిన చొక్కాకు ఈ తేడా ఉండదు. మరక మడతల్లోకి కూడా సమానంగా పాకుతుంది. భుజం మీద నాలుగో భారత డివిజన్ వారి ఎర్ర గద్ద గుర్తు ఉందనుకోండి. దాని అంచు కొద్దిగా లేపితే కింద బట్ట కొత్తగా కనిపించాలి. చుట్టూ ఎంత వెలిసిందో కిందా అంతే వెలిసి ఉంటే, గుర్తు నిన్నో మొన్నో కుట్టారన్నమాట.

దొంగనోట్లు పట్టే అతినీలలోహిత కాంతి (యూవీ) టార్చి ఒకటి దగ్గర పెట్టుకోండి. నేటి దారాలు చాలావరకు దాని కింద తెల్లగా వెలుగుతాయి. ఇప్పటి సబ్బుపొడితో ఉతికిన అసలు చొక్కా కూడా వెలుగుతుంది కాబట్టి బట్టను వదిలేసి దారాన్నే చూడండి. అనుమానం తీరకపోతే యజమానిని అడిగి ఒక్క పోగు కాల్చండి. నూలు కాగితంలా బూడిదవుతుంది, ఉన్ని జుట్టు కాలిన వాసన వేస్తుంది, పాలియెస్టరు కరిగి ముద్ద కడుతుంది. పాలియెస్టరు బజారుకు వచ్చింది యుద్ధం ముగిశాకే.

గుండీలు, బ్యాడ్జీల మీది కిరీటం కూడా తేదీ చెబుతుంది. రాజుల కాలపు కిరీటం పైభాగం గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. 1952లో ఎలిజబెత్ రాణి వచ్చాక వాడిన కిరీటం నడుమ కిందికి వంగుతుంది. నాలుగు సింహాలుంటే 1950 జనవరి 26 తర్వాతిది. అచ్చుతో కొట్టిన రేకు బ్యాడ్జీకి వెనక, ముందున్న బొమ్మే గుంటగా కనిపిస్తుంది. పోతపోసిన నకిలీకి వెనక చదునుగా ఉండి, ముందు గీతలు మొద్దుబారి ఉంటాయి.

దొరల బెండు టోపీ అంటే జీలుగు బెండుతో చేసింది. చేతిలోకి తీసుకోగానే బరువే తెలియదు. చిరుగు దగ్గర తెల్లటి మెత్తటి పొరలు కనిపించాలి. అట్ట కనిపిస్తే నాటకాలవాళ్ల సామాను. నుదుటి తోలుపట్టీకి చెమట మరక లేకపోతే నేనైతే డబ్బు తీయను. యుద్ధకాలపు గ్యాస్ మాస్కు ఎవరైనా చూపిస్తే మొహానికి పెట్టుకోకండి, వాటి వడపోత డబ్బాల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు.

వందేళ్లు దాటిన చారిత్రక వస్తువు 1972 చట్టం ప్రకారం పురావస్తువు. మొదటి ప్రపంచ యుద్ధం నాటివి ఇప్పటికే ఆ లెక్కలోకి వచ్చాయి. విదేశాలకు అమ్ముకునే ఆలోచన మానుకోండి. సైనికుడిగా నమ్మించడానికి యూనిఫారం వేసుకుని తిరిగినా నేరమే.

కొన్నది ఉతకవద్దు. ఎండలో ఆరేయవద్దు, కొక్కేనికి వేలాడదీస్తే భుజాలు సాగిపోతాయి. పాత మల్లు గుడ్డలో చుట్టి, మడతలను అప్పుడప్పుడు మార్చండి. కలరా ఉండలను గుడ్డమూటలో కట్టి పెట్టెలో ఓ మూలన ఉంచండి, బట్టకు తగలకూడదు. ఇత్తడి గుండీలకు మెరుపు పెట్టించవద్దు: పాలిష్‌తో రుద్దితే కిరీటం గీతలు అరిగి, అసలుది కూడా పోతపోసినదానిలాగే కనిపిస్తుంది.