గుండె జబ్బుతో ఒంటికి నీరు పడుతుంటే ఇంట్లో ఏం చేయాలి?

శ్రీకాకుళం జిల్లాలో ఎవరికైనా కాళ్ళు పొంగితే అనుమానం ముందు కిడ్నీల మీదకే పోతుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం పక్కనే ఉన్నాక ఆ భయం ఉండకుండా ఎలా ఉంటుంది? కానీ గుండె పంపింగ్ తగ్గినవాళ్ళకీ ఇలాగే నీరు పడుతుంది. గుండె రక్తాన్ని సరిగా తోయలేకపోతే కిడ్నీలకి చేరేది తగ్గుతుంది. అప్పుడు అవి ఉప్పునీ నీటినీ బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. ఆ నీరు కాళ్ళలో, పొట్టలో, ఊపిరితిత్తుల్లో చేరుతుంది. జబ్బు ఏదో డాక్టరు తేల్చి మందులు రాశాక, ఇంట్లో మనం చూసుకోవాల్సిన పనులివి.

1. రోజూ పొద్దున్నే బరువు చూడండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. లీటరు నీరంటే కిలో బరువు. కాళ్ళ వాపు కంటికి కనపడేసరికే ఒంట్లో లీటర్ల కొద్దీ నీరు చేరి ఉండొచ్చు. బరువు మిషన్ ఆ సంగతి ముందే పట్టేస్తుంది.

మిషన్‌ని గట్టి గచ్చు మీద పెట్టండి. చాప మీదా, ఎగుడుదిగుడు నేల మీదా పెడితే లెక్క తప్పుతుంది. లేవగానే ఒంటికి వెళ్ళొచ్చి, టీ తాగకముందే, రోజూ ఒకే రకం పల్చటి బట్టలతో ఎక్కాలి. వచ్చిన అంకెని గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే రాసేయండి. వేరే పుస్తకం పెడితే నాలుగు రోజులకి అది ఎక్కడుందో తెలీదు. నీరంతా తీసి ఆస్పత్రి నుంచి పంపిన రోజు బరువెంతో అడిగి, పేజీ పైన పెద్దగా రాయండి. కొన్నాళ్ళపాటు దాంతోనే పోల్చుకోవాలి. మిషన్ కొనే వీలు లేకపోతే ఊళ్ళో విలేజ్ క్లినిక్‌కి వెళ్ళి చూసుకోవచ్చు. కాకపోతే ఈరోజు ఒకచోట, రేపు ఇంకోచోట చూసుకుంటే ప్రయోజనం లేదు.

పొద్దున 58 ఉన్న మనిషి మర్నాటికి 59న్నర అయితే అది తిండి వల్ల పెరిగిన కండ కాదు, నీరే. ఒక్కరోజులో కిలో, కిలోన్నర పెరిగినా, వారంలో 2 కిలోలు దాటినా ఆ రోజే డాక్టరుకి ఫోన్ చేయండి. మీ డాక్టరు వేరే అంకె చెప్పి ఉంటే అదే పట్టుకోండి. ఆకలి లేక మనిషి చిక్కిపోతుంటే లోపల నీరు చేరినా బరువు మారకపోవచ్చు. అందుకే కాళ్ళూ చూడాలి. మోకాలి కింద ముందు ఎముక మీద బొటనవేలితో ఐదు సెకన్లు నొక్కి వదలండి. గుంట పడి వెంటనే పూడకపోతే నీరున్నట్టే. పట్టీలు బిగుసుకోవడం, చెప్పు పట్టీ అచ్చు పడటం కూడా గుర్తులే. మంచం మీదే ఉండేవాళ్ళకి నీరు నడుము వెనక చేరుతుంది, అక్కడ నొక్కి చూడాలి.

ఒక్క కాలే వాచి, నొప్పిగా, ఎర్రగా ఉంటే అది వేరే సంగతి. మన వైపు బోదకాలు అనుకుని వదిలేస్తారు గానీ, రక్తం గడ్డకట్టినా అలాగే ఉంటుంది. వెంటనే చూపించాలి.

2. ఉప్పు ఎక్కడెక్కడ దాక్కుందో వెతకండి

"కూరలో ఉప్పు తగ్గించేశాం" అంటారు. పక్కన ఆవకాయ, చల్ల మిరపకాయ, అప్పడం, ఎండుచేప మామూలే. ఎండుచేపని నానబెట్టి కడిగినా ఉప్పంతా పోదు, మానేయడమే మేలు. చద్దన్నంలో వేసుకునే చిటికెడూ, మజ్జిగలో వేసేదీ లెక్కే. రోజు మొత్తానికి అన్నిటిలో కలిపి ఉప్పు ఒక టీ స్పూనుకి మించకూడదు. డాక్టరు ఇంకా తగ్గించమంటే తగ్గించాలి. సైంధవ లవణం వాడితే ఫర్వాలేదని కొందరి నమ్మకం, అదీ ఉప్పే.

అందరికీ వండే కూరలోంచి జబ్బు ఉన్న మనిషి వాటా ఉప్పు వేయకముందే తీసి పెట్టడం తేలిక దారి. నిమ్మరసం, వెల్లుల్లి, మిరియం, కొత్తిమీర తగిలిస్తే రెండు మూడు వారాల్లో నాలుక సర్దుకుంటుంది. సిరిమాను పండక్కి విజయనగరంలో చుట్టాలింట భోంచేసొచ్చిన మర్నాడు మిషన్ ఎక్కితే ఉప్పు పని ఏమిటో అంకెలోనే కనిపించొచ్చు.

"లో సోడియం" ఉప్పు డాక్టరుని అడగకుండా కొనొద్దు. అందులో పొటాషియం ఉంటుంది. గుండెకి వాడే కొన్ని మాత్రలతో, కిడ్నీ కూడా బాగోలేనివాళ్ళకి అది ప్రమాదం. కొబ్బరి నీళ్ళకీ ఇదే మాట. ఉద్దానంలో కొబ్బరికి కొదవ లేదు గానీ, అడిగాకే తాగాలి.

పొట్ట ఉబ్బరంగా ఉంటే గ్యాస్ అనుకుని ఈనో, సోడా తాగేస్తుంటారు. ఆ ఉబ్బరం నీటిదే అయ్యుండొచ్చు, పైగా ఆ పొడిలో ఉన్నదీ సోడియమే.

3. డాక్టరు కొలత చెబితేనే నీళ్ళు తగ్గించండి

అందరికీ నీళ్ళు కట్టడి చేయరు. రోజుకి లీటరున్నర అన్నారనుకోండి, పొద్దున్నే అంత నీళ్ళు ఒక సీసాలో పోయండి. చోడి అంబలి, టీ, మజ్జిగ, చారు ఏది తాగినా అంత కొలత సీసాలోంచి తీసి పక్కన పెట్టేయండి. మిగిలిందే తాగాలి. నీరు తీస్తుందని చెంబుల కొద్దీ బార్లీ నీళ్ళు తాగడం మన దగ్గర అలవాటు. అవీ లెక్కలోకే వస్తాయి. దాహం వేస్తే నోరు పుక్కిలించండి, నిమ్మ బద్ద చప్పరించండి.

4. మాత్రల విషయంలో

ఒంట్లో చేరిన నీటిని మూత్రంలో పోగొట్టే నీటి మాత్ర పొద్దున వేసుకుంటే రాత్రి నిద్ర చెడదు. పలాస నుంచి విశాఖ రైలెక్కే రోజు మధ్యలో ఒంటికి వస్తుందని మాత్ర మానేస్తారు. మానొద్దు, ఆ రోజు ఎన్నింటికి వేసుకోవాలో ముందే అడగండి. వాపు తగ్గిందని ఆపడం, పెరిగిందని రెండు మింగడం వద్దు. వాంతులు, విరేచనాలు అయినా, కళ్ళు తిరుగుతున్నా, బరువు మరీ దిగిపోతున్నా ఫోన్ చేయాలి. పొటాషియం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు చెప్పిన టైముకి చేయించండి.

మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి నీటిని పట్టి ఉంచి కిడ్నీని దెబ్బతీస్తాయి. ఊళ్ళో సూది వేసే ఆయనకి ముందే గుండె జబ్బు సంగతి చెప్పి, ఏం వేస్తున్నాడో అడగండి.

5. ఇక ఇంట్లో ఉండకూడదు

పడుకుంటే ఆయాసం వచ్చి దిండ్లు పెంచాల్సి వస్తున్నా, రాత్రి పొడిదగ్గు పట్టుకున్నా మర్నాటి దాకా ఆగకుండా డాక్టరుతో మాట్లాడండి. కూర్చున్నా ఊపిరి ఆడకపోయినా, గులాబీ రంగు నురగ కఫం వచ్చినా, ఛాతీ నొప్పి ఉన్నా, స్పృహ తప్పినా 108కి చేయండి. మనిషి స్పృహలో ఉండి ఆయాసపడుతుంటే బండి వచ్చేదాకా పడుకోబెట్టొద్దు, వీపుకి ఆనుడు పెట్టి, కాళ్ళు కిందికి వేలాడేలా కూర్చోబెట్టండి. స్పృహ తప్పితే మాత్రం కూర్చోబెట్టొద్దు, ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టి, 108 వాళ్ళు ఫోన్‌లో చెప్పినట్టు చేయండి. వెళ్ళేటప్పుడు మందుల సంచీతో పాటు గోడ మీద క్యాలెండర్ కూడా తీసుకెళ్ళండి, పాత నెలల పేజీలతో సహా.