నాలుగో రోజుకే ఆగిపోయే బొమ్మల అలవాటు: సమస్య - పరిష్కారం

సమస్య: మూడు రోజులు ఉత్సాహంగా వేస్తారు. నాలుగో రోజు పుస్తకం తెరవరు.

కారణం: బద్ధకం అని మనల్ని మనమే తిట్టుకుంటాం కానీ, చాలాసార్లు తప్పు పుస్తకానిదే. మంచి అట్టతో ఖరీదైన స్కెచ్‌బుక్ కొంటే, పిచ్చి గీత గీసి పాడుచేయడానికి మనసు ఒప్పదు. నాదొకటి రెండేళ్లుగా అలమరాలో తెల్లగా అలాగే ఉంది.

పరిష్కారం: పది ఏ4 జిరాక్స్ కాగితాలు మధ్యకు మడిచి దారంతో కుట్టండి. 40 పేజీలు వస్తాయి. మొదటి పేజీని కావాలనే పాడుచేయండి. వాకిట్లో ముగ్గు వేసేవాళ్లు రేపటికి దాచుకుందామని వేయరు కదా!

సమస్య: ఏం వేయాలో తోచక ఫోన్‌లో ఫొటోలు వెతుకుతూ అరగంట పోతుంది.

పరిష్కారం: వారమంతా ఒకటే వస్తువు. నేను గుమ్మం దగ్గరున్న చెప్పుల బొమ్మ వేస్తాను. ఒకటి బోర్లా, ఒకటి పక్కకి, రోజుకో రకంగా పడి ఉంటాయి. కుక్కర్ మూడు విజిళ్లు వేసేలోపు ఎంత వస్తే అంతే.

సమస్య: పెన్సిల్ చెక్కిన ప్రతిసారీ మొన ఊడి వస్తుంది.

కారణం: పెన్సిల్ ఎప్పుడో కిందపడింది. పైకి బాగానే ఉన్నా లోపల లెడ్ ముక్కలైంది. లేదా షార్ప్‌నర్ బ్లేడు మొద్దుబారింది.

పరిష్కారం: ముందు షార్ప్‌నర్ మార్చి చూడండి. అప్పటికీ విరిగితే ఆ పెన్సిల్‌ను పిల్లలకూ ఇవ్వకండి, వాళ్లూ ఏడుస్తారు. 6బీ లాంటి మెత్తటివాటిని చాకుతో నెమ్మదిగా చెక్కడమే మేలు.

సమస్య: బొమ్మంతా మసి. అరచేతి కింద ఇంకో కాగితం పెట్టుకుంటే చాలు. తలకు నూనె రాసుకున్న చేత్తో మాత్రం కూర్చోకండి, నూనె అంటిన చోట ఇంకు సరిగా పట్టదు.

సమస్య: కొత్త పాళీని ఇంకులో ముంచితే తామరాకు మీద నీళ్లలా బొట్లు బొట్లుగా జారి, కాగితం మీద మరక పడుతుంది.

కారణం: తుప్పు పట్టకుండా తయారీలోనే పాళీకి పల్చగా నూనె పూస్తారు.

పరిష్కారం: పాత టూత్‌బ్రష్‌తో, గిన్నెలు తోమే సబ్బుతో రుద్ది, కడిగి, తుడవండి. ఇప్పుడు ముంచితే ఇంకు పాళీ అంతా పల్చటి పొరలా పరుచుకుంటుంది. మధ్యలో ఉన్న చిన్న రంధ్రం మునిగేదాకా ముంచి, బుడ్డి అంచుకు ఒకసారి ఆనించి తీయండి. పని కాగానే కడిగేయాలి. బొమ్మలకు వాడే నల్లటి ‘ఇండియన్ ఇంకు’ రకాల్లో చాలావాటిలో లక్క ఉంటుంది, ఎండితే నీళ్లకు వదలదు. అందుకే ఆ ఇంకును ఫౌంటెన్ పెన్నులో పోయకండి. అలా నా పెన్ను ఒకటి పోయింది.

సమస్య: గీత అంచుల్లో ఇంకు వెంట్రుకల్లా పాకుతుంది. జిరాక్స్ కాగితం ఇంకును పీల్చేస్తుంది, వానాకాలం చెమ్మకు మరీను. ఇంకు పనికి 150 జీఎస్ఎం (చదరపు మీటరుకు 150 గ్రాములు తూగే) మందపాటి కాగితం కొనుక్కోండి. కుట్టిన పుస్తకానికి పెన్సిల్, బాల్ పెన్ను చాలు.

సమస్య: ఒక రోజు తప్పింది. మర్నాడు రెండు వేయాలని కూర్చోకండి. తేదీ రాసి, ఒక్క చెప్పు వేయండి.