ఊబకాయం ఉన్నవారి ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ రిపోర్టును ఎలా చదవాలి

92 కిలోల బరువు, 168 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న మనిషి మెట్లెక్కితే ఆయాసం వస్తోందని రక్తపరీక్ష చేయించుకున్నాడనుకుందాం. గుండె వైఫల్యాన్ని, అంటే గుండె ఒంటికి కావలసినంత రక్తం అందించలేని స్థితిని పసిగట్టడానికి చేసే ఆ పరీక్ష రిపోర్టులో ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ మిల్లీలీటరుకు 110 పికోగ్రాములని, పక్క గడిలో 125 లోపు సాధారణమని ఉంటే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఆ ఊరట తొందరపాటు కావచ్చు. గుండె పంపే ఈ సంకేతాన్ని ఒంట్లోని కొవ్వు సన్నగిల్లజేస్తుంది.

ముందుగా ఆ అంకె ఎక్కడిదో తెలుసుకోవాలి. గుండె కింది గదుల గోడలు ఒత్తిడికి సాగినప్పుడు అక్కడి కండర కణాలు ప్రోబీఎన్‌పీ అనే ప్రోటీన్‌ను తయారుచేస్తాయి. అది రెండు ముక్కలవుతుంది. 32 అమైనో ఆమ్లాలున్న ముక్క బీఎన్‌పీ అనే హార్మోనుగా పనిచేసి ఒంట్లోని ఉప్పును, నీటిని మూత్రం ద్వారా బయటికి పంపిస్తుంది. 76 ఆమ్లాలున్న రెండో ముక్కకు ప్రత్యేకంగా పనేమీ లేకపోయినా, రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది కనుక కొలవడానికి వీలైనది. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అంటే అదే.

బీఎన్‌పీకి కొవ్వుతోనూ సంబంధం ఉంది. కొవ్వు కణాల మీది ఒక గ్రాహకానికి (హార్మోను వచ్చి అతుక్కునే చోటుకు) తగులుకుని, నిల్వ ఉన్న కొవ్వును కరిగించి, ఫ్యాటీ ఆమ్లాలను రక్తంలోకి విడిపిస్తుంది. అవే కణాల మీద ఉండే మరో గ్రాహకం ఈ హార్మోనును పట్టి లోపలికి లాక్కుని నాశనం చేస్తుంది. ఊబకాయం ఉన్నవారిలో బీఎన్‌పీ తగ్గడానికి ఇదొక్కటే కారణమని చాలాకాలం అనుకున్నారు. అయితే ఆ గ్రాహకానికి చిక్కని ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ కూడా వారిలో తక్కువగానే ఉంటుంది కనుక, గుండెలో తయారీయే తగ్గుతోందని భావించాలి. నా దృష్టిలో ఈ విషయమంతటిలో గుర్తుంచుకోవలసిన ముఖ్యాంశం ఇదే.

రిపోర్టు చేతికి రాగానే ఏ పరీక్ష చేశారో చూడాలి. అత్యవసరం కాని పరిస్థితుల్లో బీఎన్‌పీకి హద్దు 35, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీకి 125. ఒకదాని అంకెను మరొకదాని హద్దుతో పోల్చకూడదు. గుండె వైఫల్యానికి ఇచ్చే సాకుబిట్రిల్-వల్సార్టన్ మాత్ర వాడేవారిలో ఆ మందు వల్లనే బీఎన్‌పీ పెరగవచ్చు కాబట్టి, వారికి ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీయే నమ్మదగినది.

తరువాత బరువును ఎత్తుతో లెక్కగట్టి బీఎంఐ తెలుసుకోవాలి. యూరప్ హృద్రోగ నిపుణులు 2023లో ఇచ్చిన సూచన ప్రకారం బీఎంఐ 30 నుంచి 35 మధ్య ఉంటే హద్దును 25 శాతం, 35 నుంచి 40 మధ్య ఉంటే 30 శాతం, 40 దాటితే 40 శాతం తగ్గించి చూడాలి. మనం అనుకున్న మనిషి బీఎంఐ 32.6 కనుక అతని హద్దు 125 కాదు, సుమారు 94. అతని 110 ఆ హద్దుకు పైనే ఉంది. మనవాళ్లలో బీఎంఐ అంత లేకపోయినా పొట్ట చుట్టూ కొవ్వు పేరుకోవడం మామూలే కాబట్టి నడుము కొలతను కూడా డాక్టరుకు చెప్పాలి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే ఎక్కువ కిందే లెక్క. అయితే బీఎంఐ 30 లోపు ఉన్నవారు ఈ తగ్గింపును సొంతంగా వర్తింపజేసుకోకూడదు.

అంకెను పైకి నెట్టే కారణాలూ ఉన్నాయి: వయసు, కిడ్నీ జబ్బు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ తప్పిన గుండె కొట్టుకోవడం. జుట్టు కోసం పెద్ద మోతాదులో బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వేసుకునేవారికి కొన్ని రకాల పరీక్షల్లో ఫలితం తప్పుగా తక్కువ రావచ్చు కనుక, రక్తం ఇచ్చే ముందే ఆ సంగతి ల్యాబ్‌లో చెప్పాలి.

కొవ్వు కణాలే విడుదలచేసే ఆడిపోనెక్టిన్ అనే హార్మోనును కూడా కొలిపించుకోవాలా అంటే, అక్కర్లేదనే నా సలహా. ఊబకాయంలో అది తగ్గుతుంది, గుండె వైఫల్యం ముదిరి మనిషి చిక్కిపోతున్నప్పుడు పెరుగుతుంది. రెండు వైపులా లాగే ఆ అంకెతో ఇంట్లో నిర్ణయించుకోగలిగేది ఏమీ ఉండదు.

అంకెకన్నా ముందు ఒంటిని చూడాలి. సాయంత్రం మోకాలి కింద ముందువైపు ఎముక మీద బొటనవేలితో కొన్ని సెకన్లు గట్టిగా నొక్కి తీస్తే గుంట అలాగే నిలిచిపోతుందా? చెప్పు పట్టీ పెట్టుకోవడానికి వంగితే అర నిమిషంలోపే ఆయాసం వస్తుందా? ఆయాసం లేకుండా పడుకోవడానికి తలగడలు ఒకటి నుంచి మూడుకు పెరిగాయా? మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి బరువు పెరిగిందా? వీటిలో ఏది ఉన్నా, ల్యాబ్ అంకె తక్కువగా ఉందని ఆగిపోకుండా డాక్టరును కలవాలి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఎకో (గుండె స్కానింగ్) తీశాక ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే ఎడమ కింది గది ఒక్కో కొట్టుకోవడంలో బయటికి పంపే రక్తం వాటా, 60 శాతం ఉందన్న మాట దగ్గరే తృప్తిపడకూడదు. ఊబకాయంతో వచ్చే గుండె వైఫల్యంలో పంపింగ్ బాగానే ఉండి, గుండె గోడలు సడలి రక్తాన్ని నింపుకోవడంలోనే ఇబ్బంది ఉండటం తరచుగా జరుగుతుంది. అందుకే ఎడమ కర్ణిక (పై గది) పెద్దదైందా, ఎడమ జఠరిక (కింది గది) నిండేటప్పుడు లోపలి ఒత్తిడి పెరుగుతోందా అని డాక్టరును విడిగా అడిగి, ఆ జవాబును రక్తపరీక్ష రిపోర్టు మీదే తేదీ వేసి రాసుకోవాలి.