హాలోవీన్ రాత్రి మ్యాజిక్ కింగ్‌డమ్‌కు వేషాలతో వెళ్లే కుటుంబాలకు

ఫ్లోరిడాలోని ఆర్లాండో దగ్గర, వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో భాగమైన మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 1995లో మొదలైన వేడుక ‘మిక్కీస్ నాట్ సో స్కేరీ హాలోవీన్ పార్టీ’. ఆగస్టు నుంచి అక్టోబరు 31 వరకు ఎంపిక చేసిన రాత్రుల్లో సాయంత్రం 7 గంటలకు మొదలై అర్ధరాత్రి 12కు ముగుస్తుంది. పగటి టికెట్టు గానీ వార్షిక పాసు గానీ దీనికి చెల్లదు. తేదీ వేసిన ప్రత్యేక టికెట్టు కొనాలి, మూడేళ్లలోపు పిల్లలకు మాత్రం అక్కర్లేదు. ఈ టికెట్టుతో 4 గంటల నుంచే లోపలికి వెళ్లవచ్చు. మనిషికి 100 డాలర్లు దాటే ఖర్చుకు దక్కేది ఐదు గంటల వేడుక మాత్రమే కాబట్టి, ఏం చూడాలో, ఏం వదులుకోవాలో ఇంటి దగ్గరే తేల్చుకొని బయలుదేరడం మంచిది.

హాలోవీన్ రోజైన అక్టోబరు 31నే వెళ్లాలన్న పట్టుదల ఉంటే టికెట్టు నెలల ముందే కొనాలి, ఎక్కువ ధరకు సిద్ధపడాలి. 2024లో దీపావళి కూడా అదే రోజున వచ్చింది. అలాంటి ఏడాది ఇంట్లో దీపాలు వదిలి వెళ్లనవసరం లేదు, మరో రాత్రి వెళ్లినా ఊరేగింపూ బాణసంచా అవే ఉంటాయి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ధర తక్కువే గానీ 32 డిగ్రీల ఎండ, సాయంత్రపు ఉరుముల వానలు వేషాలకు పరీక్ష పెడతాయి. నా మటుకు అక్టోబరులో వారం మధ్య రోజే మేలు. ఏ పార్కుకు వెళ్తున్నామన్నదీ ముఖ్యమే. అదే ఊళ్లో యూనివర్సల్ వారు జరిపే ‘హాలోవీన్ హారర్ నైట్స్’ పదమూడేళ్లలోపు పిల్లలకు తగినది కాదని వారే చెబుతారు, పైగా అక్కడ వేషాలకూ మాస్కులకూ అనుమతి లేదు. కాలిఫోర్నియాలో ఉండేవారికి అనహైమ్‌లోని డిస్నీ కాలిఫోర్నియా అడ్వెంచర్‌లో 2019లో మొదలైన ‘ఊగీ బూగీ బాష్’ అనే హాలోవీన్ వేడుక ఉంది.

మామూలు రోజుల్లో పద్నాలుగేళ్లు, అంతకు పైబడినవారు వేషం వేసుకొని డిస్నీ పార్కుల్లోకి రాకూడదు. ఈ రాత్రుల్లో ఆ నిషేధం ఉండదు గనుక తాతయ్య, అమ్మమ్మలతో సహా అందరూ వేషం కట్టవచ్చు, అయితే నియమాలు లేకపోలేదు. పద్నాలుగు నిండినవారు మాస్కు పెట్టుకోకూడదు. అంతకంటే చిన్నవారి మాస్కు ముఖాన్నంతా కప్పకూడదు, కళ్లు కనబడాలి. ఒంటి చుట్టూ డబ్బాలా నిలిచే వేషాలు వద్దనే చెబుతారు, నేలమీద ఈడ్చుకుపోయే వస్త్రాలను అనుమతించరు. మొనదేలిన వస్తువులు, నిజమైన ఆయుధాల్లా కనిపించే బొమ్మలు గేటు దగ్గరే ఆగిపోతాయి. కాబట్టి పిల్లవాడికి రాముడి వేషం వేస్తే బాణాలకు మొనలు లేకుండా చూసుకోవాలి, హనుమంతుడికి స్పాంజి గద చేయించాలి. కృష్ణుడి నెమలిపింఛం, వేణువులతో ఏ చిక్కూ ఉండదు. రాణి వేషానికి చీర కట్టేవారు కుచ్చిళ్లు చీలమండపైకి ఉండేలా కట్టి, కొంగును నడుముకు బిగించి పిన్ను పెట్టుకోవాలి, ఎందుకంటే రైడ్ ఎక్కేటప్పుడూ జనంలో నడిచేటప్పుడూ జారేది కొంగే. డిస్నీ పాత్రల వేషంలో ఉన్న పెద్దలు ఇతరుల పిల్లలతో ఆ పాత్రలుగా ఫొటోలు దిగకూడదు, సంతకాలు చేయకూడదు.

దుకాణాల్లో దొరికే పాలియెస్టర్ వేషాలు ఫొటోలో మెరుస్తాయి గానీ గంట తిరిగేసరికి పిల్లలు విప్పేయమని మారాం చేస్తారు. లోపల పలుచని నూలు బనియను, నిక్కరు వేసి, పైన వేషం తొడిగితే అవసరమైనప్పుడు తీసేయవచ్చు. కుటుంబమంతా ఒకే కథలోని పాత్రలుగా వెళ్లాలనుకుంటే పెద్దలు ఆ రంగు టీషర్టుతో, తలపై ఒక గుర్తుతో సరిపెట్టుకొని పూర్తి అలంకారాన్ని పిల్లలకు వదిలేయడం ఉత్తమం. చెప్పులు మాత్రం వేషానికి తగినవి కాదు, బాగా అరిగి కాలికి అలవాటైనవి వేసుకోవాలి.

పార్కులో అక్కడక్కడా ఉన్న క్యాండీ కేంద్రాల్లో పిల్లలకే కాక పెద్దలకు కూడా గుప్పెళ్లతో పోస్తారు. శాకాహారులు ఒక సంగతి గమనించాలి: అమెరికాలో అమ్మే స్టార్‌బర్స్ట్‌లో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది, స్కిటిల్స్‌లో ఉండదు. వేరుశనగ పడని పిల్లలు ఉంటే అలర్జీ ఉన్నవారికి ప్రత్యేకించిన నీలి ఆకుపచ్చ సంచిని అడిగి తీసుకోవాలి. భోజనం సంగతికొస్తే, గాజు సీసాలు, మద్యం, వేడి చేయాల్సిన పదార్థాలు కాకుండా ఇంటి తిండి లోపలికి తీసుకుపోవచ్చు. పులిహోర, చపాతీ చుట్టలు, జంతికలు వెంట ఉంటే ఏడు గంటల తర్వాత వరుసలో నిలబడే పని తప్పుతుంది, ఆ సమయం చాలా విలువైనది. ఫాస్ట్‌ఫుడ్ కౌంటర్లలో చల్లని నీళ్లు అడిగితే ఉచితంగానే ఇస్తారు.

నాలుగింటికి చేరినవారు ఏడు లోపు భోజనం ముగించి, పిల్లలు మోజుపడే ఒకటి రెండు రైడ్‌లు పూర్తిచేసుకోవాలి. ఏడు తర్వాత ఆ రాత్రికే ప్రత్యేకమైన వాటికి సమయం ఇవ్వాలి. ‘స్నో వైట్’ కథలోని ఏడుగురు మరుగుజ్జులూ కలిసి ఫొటోలకు నిలబడే చోట వరుస చాలా పొడవు ఉంటుంది. దానికి గంట పోయినా ఫర్వాలేదనుకుంటేనే నిలబడండి.

‘బూ టు యూ’ ఊరేగింపు రాత్రికి రెండుసార్లు సాగుతుంది. ముందుగా తలలేని గుర్రపు రౌతు దౌడు తీస్తాడు, ఆ తర్వాతి బృందాల్లో ‘హాంటెడ్ మ్యాన్షన్’ అనే దెయ్యాల భవనం రైడ్‌లోని కాటికాపరులు పారలను నేలకు రాసి నిప్పురవ్వలు లేపుతారు. ఈ రెండిటి కోసమైనా ఊరేగింపును వదులుకోకూడదన్నది నా అభిప్రాయం. పదింటి తర్వాత కోట మీద బాణసంచా ప్రదర్శన ఉంటుంది. కోట గోడలపై బొమ్మలు కూడా వేస్తారు గనుక దాన్ని ఎదురుగా నిలబడి చూడాలి. అది ముగియగానే పసిపిల్లలున్నవారు చాలామంది ఇంటిదారి పడతారు, అందుకే రెండో ఊరేగింపుకు పార్కులోని ఫ్రాంటియర్‌ల్యాండ్ అనే భాగం వైపు కాస్త ముందు చేరితే చాలు, ముందు వరుసలోనే చోటు దొరుకుతుంది, క్యాండీ వరుసలూ అప్పటికి పలుచబడతాయి. పెద్ద పిల్లలున్నవారు ఈ క్రమాన్నే పాటించవచ్చు. తొమ్మిదికే నిద్రపోయే పిల్లలుంటే, లేదా రాత్రి పొద్దుపోయాక వాన పడే సూచన ఉంటే, మొదటి ఊరేగింపునే చూసేయాలి, ఎందుకంటే వాన వచ్చినా వేడుక ఆగదు గానీ ఊరేగింపు రద్దు కావచ్చు. తల మీదుగా వేసుకునే పలుచని రెయిన్‌కోటు వెంట ఉంచుకోండి.

గేటు దాటే ముందే వేషంలో ఉన్న ప్రతి పిల్లవాడినీ నిలువెత్తున ఫొటో తీసి ఉంచాలి. ఒకే రకం రాకుమార్తె గౌను వేసుకున్న పిల్లలు వందల్లో తిరిగే చోట, తప్పిపోయిన బిడ్డ గుర్తులు చెప్పడానికి అంతకంటే పనికొచ్చేది లేదు. ఫోన్ నంబరును చొక్కా లోపలివైపు రాసి, ఎవరూ కనబడకపోతే పేరు బిళ్ల పెట్టుకున్న సిబ్బంది దగ్గరకే వెళ్లాలని చెప్పండి. స్ట్రాలర్ (పిల్లల తోపుడు బండి) వెడల్పు 31, పొడవు 52 అంగుళాలు మించకూడదు, లాగే బండ్లను అనుమతించరు. నాలుగైదేళ్ల పిల్లలకు పగలు అక్కర్లేకపోయినా రాత్రి పదింటికి స్ట్రాలర్ తప్పకుండా కావాల్సి వస్తుంది.

పన్నెండింటికి జనమంతా కార్లు నిలిపిన వైపుకు చేర్చే మోనోరైలు దగ్గరకు ఒక్కసారే కదులుతారు. దాని వరుస పొడుగ్గా కనిపిస్తే ఎక్కువమంది పట్టే పడవ వైపు వెళ్లండి. కార్లు నిలిపే స్థలం డిస్నీ కథానాయకుల పేర్లతో ఒకవైపు, విలన్ల పేర్లతో మరోవైపు రెండుగా ఉంటుంది, ‘లయన్ కింగ్’లోని సింబాకూ, విలన్ స్కార్‌కూ చెరొక భాగం ఉంది. మీ కారు ఎవరి పంచన ఉందో, ఏ వరుసలో ఉందో సాయంత్రం దిగేటప్పుడే ఫొటో తీసుకోండి.